స్లీవ్ శస్త్రచికిత్స తర్వాత ప్రొటీన్: గుణుపురం కోడలి ప్రశ్నకు జవాబు

ఆంధ్ర సరిహద్దులో, ఒడిశా వైపు ఉన్న గుణుపురం నుంచి ఒక కోడలు అడిగిన ప్రశ్న ఇది. అత్తగారికి యాభై రెండేళ్లు. రెండున్నర నెలల క్రితం విశాఖలో బరువు తగ్గడానికి స్లీవ్ శస్త్రచికిత్స చేయించారు. బరువు బాగానే దిగుతోంది. రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ తప్పనిసరి అని కాగితం మీద రాసి ఇంటికి పంపారు. గుడ్డు వాసన గిట్టదు. డబ్బా పొడి కలిపి ఇస్తే కక్కేస్తున్నారు. చోడి (రాగి) అంబలి మాత్రం ఇష్టంగా తాగుతారు. దువ్వెన నిండా జుట్టు వస్తోంది. కార్తీకం దగ్గర పడుతోంది, నెలంతా నీచు ముట్టరు. ఇవి చాలవన్నట్టు, ప్రొటీన్ ఎక్కువైతే మూత్రపిండాలు పాడవుతాయని ఎదురింటివారు భయపెడుతున్నారు. ‘వండేది నేనే, ఏం పెట్టాలో చెప్పండి’ అని రాశారు.

అమ్మా, నేను విశాఖలో ఇలాంటి రోగుల ఆహారం చూసే పనిలో చాలా ఏళ్లు ఉండి, ఇప్పుడు పర్లాకిమిడిలో ఉంటున్నాను. మీ వంటింట్లో ఏముంటుందో, బజారులో ఏం దొరుకుతుందో నాకు తెలుసు కాబట్టి దాన్ని బట్టే చెబుతాను.

ముందు వాంతుల సంగతి తేల్చుకోవాలి. పొడి తాగినప్పుడు మాత్రమే వాంతి అవుతోందా, నీళ్లు, మజ్జిగ కూడా నిలవడం లేదా? మొదటిదైతే కింద చెప్పే మార్పులతో సర్దుకుంటుంది. రెండోదైతే వంటల గురించి చదవడం ఆపి, శస్త్రచికిత్స చేసిన డాక్టరుగారికి ఈ రోజే ఫోను చేయండి. లోపలి దారి ఇరుకైనా ఇలాగే అవుతుంది. రోజుల తరబడి ఏదీ నిలవకపోతే బి1 విటమిన్, అంటే థయామిన్, కొద్ది వారాల్లోనే అడుగంటుతుంది. నడక తూలడం, ఒకటి రెండుగా కనబడటం, మాటల్లో తికమక, అరికాళ్లలో తిమ్మిరి దాని గుర్తులు. అప్పుడు విశాఖ దాకా ఆగకూడదు. దగ్గరలో ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లి, పొట్టకు శస్త్రచికిత్స జరిగిందని చెప్పి, గ్లూకోజు ఎక్కించే ముందు థయామిన్ ఇవ్వమని మీరే అడగండి. అది లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్త నిల్వా ఖర్చయిపోయి మెదడుకు ముప్పు వస్తుంది. తెల్లగా మరపట్టిన బియ్యం తిని బెరిబెరి పాలైన ఉత్తర సర్కారు ప్రాంతం మనది. ఆ జబ్బూ ఈ విటమిన్ లోపమే.

ఇక అసలు విషయం. మీ ఇంట్లో ప్రొటీన్‌కు కొరత లేదు. మీ అత్తగారి పొట్టలో చోటుకే కొరత. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని ముప్పావు వంతుకు పైగా తీసేస్తారు, అరటికాయంత సన్నటి గొట్టం మిగులుతుంది. ఈ దశలో పూటకు చిన్న టీ కప్పుకు మించి పట్టదు. మన సరిహద్దు తిండి చూస్తే అంబలి, పఖాళ అనే నీళ్లన్నం, చారు, మజ్జిగ, జారుగా చేసిన డాల్మా అనే కూరగాయల పప్పు, అన్నీ నీళ్లతో నడిచేవే. ఎండలో పొలం పని చేసేవారికి అంతకన్నా మంచి తిండి లేదు. టీ కప్పు పొట్టకు మాత్రం అది చోటు దండగ.

అంబలినే తీసుకోండి. చోడి పిండి 100 గ్రాములకు ఏడు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. గ్లాసు అంబలిలో పడే పిండి ఓ 30 గ్రాములు. అంటే గ్లాసంతా తాగితే వచ్చేది రెండు గ్రాములు. చోళ్లలో క్యాల్షియం దండిగా ఉంటుంది, ఆ మంచిపేరు దానికి న్యాయంగానే వచ్చింది. కానీ అరవై గ్రాముల లెక్కలో అంబలి పనికిరాదు. పూర్తిగా మాన్పించమనడం లేదు. పొద్దున్న ఒక చిన్న గ్లాసు, అదీ పాలపొడి కలిపి ఇవ్వండి. కొవ్వు తీసిన పాలపొడిలో 100 గ్రాములకు 35 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. రెండు పెద్ద చెంచాలు కలిపితే అంబలి బలం రెండు నుంచి ఏడుకు చేరుతుంది. రుచి పెద్దగా మారదు కాబట్టి ఆవిడ కనిపెట్టినా గొడవ చేయరు.

పప్పు దగ్గర మీకు ఇంట్లో ప్రతిఘటన ఎదురవుతుంది. అన్నం లేకుండా పప్పు తినడమేమిటని మీ అత్తగారు అంటారు, నాతో అననివారు లేరు. పప్పన్నం ముద్దలో మూడొంతులు అన్నమే. ఉడికిన అన్నంలో 100 గ్రాములకు రెండున్నర గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, పైగా అది లోపల ఉబ్బి, అతుక్కుని ఇబ్బంది పెడుతుంది. గుప్పెడు, అంటే 30 గ్రాముల, కందిపప్పులో గానీ పెసరపప్పులో గానీ ఏడు గ్రాములు ఉంటుంది. అదే పప్పును చిక్కగా ఉడికించి మెదిపితే టీ కప్పులో ఇమిడిపోతుంది, చారు కాస్తే నాలుగు గ్లాసులవుతుంది. ఏడు గ్రాములు ఎక్కడికీ పోవు, వాటి కోసం తాగాల్సిన నీళ్లే పెరుగుతాయి. కాబట్టి చెంచా నిలబడేంత చిక్కగా వండండి, ఉప్పు, జీలకర్ర, ఒక చుక్క నెయ్యి వేసి పప్పుగానే తినిపించండి. అన్నం చివర్లో, చోటు మిగిలితే, రెండు చెంచాలు.

బలానికని ఉలవచారు, మేక కాళ్ల సూపు పోస్తున్నారా? ఉలవల్లో ప్రొటీన్ పుష్కలం, కానీ వడకట్టి తీసిన కట్టులోకి దిగేది అందులో కొంతే, ఎక్కువ భాగం పారబోసే గింజలోనే ఉండిపోతుంది. కాళ్ల సూపులో చిక్కదనం ఎముకల నుంచి, వాటిని పట్టి ఉంచే స్నాయువుల నుంచి వచ్చే జిలాటిన్. శరీరం తనంతట తాను తయారు చేసుకోలేని ట్రిప్టోఫాన్ అనే భాగం జిలాటిన్‌లో ఉండదు, అందువల్ల అది ఒంటరిగా కండను నిలపలేదు. జుట్టుకు, చర్మానికి మంచిదని ఖరీదుగా అమ్మే కొల్లాజెన్ పొడికీ ఇదే లోపం. నోటికి హితవుగా ఉంటే సూపు ఇవ్వండి, లెక్కలో మాత్రం రాయకండి.

మన వైపు ఉన్నవారికి అదృష్టం ఛెనా, అంటే పాలు విరగ్గొట్టి నీరు వడకట్టిన ముద్ద. సరిహద్దు దాటి ఆంధ్రలోకి వెళ్తే పనీరు ప్యాకెట్ల కోసం వెతకాలి. ఇక్కడ ఏ మిఠాయి దుకాణంలోనైనా పొద్దున్నే తాజా ఛెనా తూచి ఇస్తారు. 100 గ్రాములకు దాదాపు 18 గ్రాముల ప్రొటీన్. యాభై గ్రాములు, అంటే మూడు నాలుగు పెద్ద చెంచాలు, తింటే తొమ్మిది వస్తుంది. ఇంత చిన్న చోటులో ఇంత బలం, అదీ వాసన లేకుండా, ఇంకే వంటలోనూ లేదు. తెచ్చిన వెంటనే పళ్లెంలో వేసి, రసగుల్లాకు చేసినట్టు అరచేతి మడమతో ముందుకు తోస్తూ రుద్దండి. మొదట రవ్వలా విడిపోతుంది, కాసేపటికి పలుకు పోయి వెన్నముద్దలా చేతికి అంటుతుంది. అప్పుడు రెండు చెంచాల గట్టి పెరుగు, ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి కలపండి. పలుకు ఉంటే ఛాతీలో అడ్డుపడ్డట్టు అనిపిస్తుంది, అందుకే ఈ శ్రమ. దించిన పప్పులో కూడా కలపవచ్చు. పొయ్యి మీద ఉడికిస్తే మాత్రం గట్టిపడి రబ్బరులా సాగుతుంది. ఉదయం తెచ్చింది ఆ పూటే వాడండి, ఎండాకాలం మధ్యాహ్నానికే పులుస్తుంది. పిండి కలిపారని అనుమానం వస్తే, ఉడికించి చల్లార్చిన చిటికెడు ఛెనా మీద టింక్చర్ అయోడిన్ ఒక చుక్క వేయండి, నీలంగా మారితే దుకాణం మార్చండి. ఆ చిటికెడు పారేయాలి సుమా. ఛెనాను కాల్చి చేసే మిఠాయి ఛెనాపోడా కూడా ఛెనాయే కదా అని ఎవరో ఒకరు తెస్తారు. అందులో చక్కెర ఎక్కువ, అది ఇంకెవరైనా తింటారు.

పెరుగును పల్చటి గుడ్డలో కట్టి రెండు మూడు గంటలు వేలాడదీస్తే నీరు దిగి సగమవుతుంది. కప్పు పెరుగులో ఉన్నది అరకప్పులోకి వస్తుంది, దాదాపు ఆరు గ్రాములు. పాలు తాగితే కడుపు ఉబ్బరంగా ఉంటోందని అంటే, శస్త్రచికిత్స తర్వాత పాలలోని లాక్టోజు పడకపోవడం మామూలే. అటువంటివారికి ఛెనా, కట్టిన పెరుగు సాధారణంగా పడతాయి, ఎందుకంటే లాక్టోజు చాలా వరకు దిగిపోయే నీటితో పోతుంది.

చేపకు వంశధార మీ పక్కనే ఉంది. ముళ్లు తీయడానికి వీలైన పెద్ద రకం ఎంచుకోండి, కొర్రమీను మేలు. వేపుడు వద్దు, పసుపు, ఉప్పు, కాస్త టమాటా వేసి ఆవిరి మీద ఉడికించి వేళ్లతో విడదీసి ముళ్లు వెతకండి. 50 గ్రాములకు తొమ్మిది పది గ్రాములు వస్తుంది. కోడి మాంసం కంటే చేప మెత్తన, తొందరగా దిగుతుంది. వేడి మీద వాసన గుప్పుమంటుంది. శస్త్రచికిత్స అయినవారికి చాలామందికి ముక్కు మరీ సున్నితమవుతుంది, కొంతకాలానికి అదే తగ్గుతుంది. అందుకని గోరువెచ్చగా అయ్యాకే పళ్లెం ముందు పెట్టండి, వండేటప్పుడు ఆవిడను వంటింటికి దూరంగా కూర్చోబెట్టండి. ఎండుచేపల్లో ప్రొటీన్ బాగా ఉన్నా ఉప్పూ అంతే ఉంటుంది. రక్తపోటు ఉంటే వాటి జోలికి పోవద్దు.

గుడ్డు వాసన అన్నారు. ఉడకబెట్టిన గుడ్డు పచ్చసొన పొడిపొడిగా ఉండి ఈ దశలో చాలామందికి దిగదు. తెల్లసొనను బాగా గిలకొట్టి, మరుగుతున్న చిక్కటి పెసరకట్టులో సన్నటి ధారగా పోస్తూ కలిపితే దారాల్లా విడిపోయి పప్పులో కలిసిపోతుంది. బాగా ఉడకనివ్వండి. ఒక్కో తెల్లసొనకు మూడున్నర గ్రాములు. అదీ వద్దంటే బలవంతం చేయకండి, గుడ్డు లేకుండా నడుస్తుంది.

డబ్బా పొడి గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొదటి ఆరు నెలలు అది కావాలి. చిక్కటి పప్పు ఏడు, ఛెనా తొమ్మిది, చేప పది, కట్టిన పెరుగు ఆరు, పాలపొడి వేసిన అంబలి ఏడు, రాత్రికి ఇంకోసారి చిక్కటి పప్పు ఏడు. అన్నీ సక్రమంగా దిగిన రోజుకు 46 అవుతాయి, అలాంటి రోజులు వారంలో అన్నీ ఉండవు. మిగిలిన పద్నాలుగు పదిహేను కోసమే పొడి. బజారులో పిల్లలకు, పెద్దలకు అని అమ్మే చాక్లెట్ రుచి పొడులు కొన్నిటిలో 100 గ్రాములకు పది గ్రాముల ప్రొటీన్ కూడా ఉండదు, చక్కెర ఉంటుంది. డబ్బా వెనక చూడండి. ఒక కొలత చెంచాకు, అంటే 30 గ్రాముల పొడికి, 20 గ్రాములకు తగ్గకుండా ప్రొటీన్ రాసి ఉండాలి. ‘వే ఐసొలేట్’ (పాలు విరిగినప్పుడు దిగే నీటి నుంచి తీసి బాగా శుద్ధి చేసిన ప్రొటీన్) అని ఉంటే లాక్టోజు బాగా తక్కువ, ఉబ్బరం అంతగా రాదు. మీ అత్తగారికి పడని డబ్బా ఏ రకమో ముందు చూడండి, అంతగా శుద్ధి చేయని ‘కాన్సంట్రేట్’ అయితే వాంతికి సగం కారణం అదే కావచ్చు.

మిగిలిన సగం తాగించే పద్ధతి. మరిగే పాలలో వేస్తే ఈ పొడి విరిగి గడ్డలు కడుతుంది. చల్లటి నీళ్లలోనో పలచటి మజ్జిగలోనో అరకొలతే కలిపి, సీసాలో వేసి గిలకొట్టి, నురగ అణిగాక ఇవ్వండి. నురగతో పాటు మింగే గాలే చాలాసార్లు వాంతి తెప్పిస్తుంది. గంటసేపు గుక్క గుక్కగా తాగాలి. తీపి మొహం మొత్తితే రుచి కలపని రకం తెచ్చి, మజ్జిగలో ఉప్పు, అల్లం రసం వేసి చూడండి. మన నాలుకకు అది చాలా సులువుగా ఎక్కుతుంది.

అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా అనే పిండి పెట్టవచ్చా అని ఒకరు అడిగారు, మీకూ ఆ ఆలోచన రావచ్చు. అందులో గోధుమ, చక్కెర కలుస్తాయి, అది చిన్నపిల్లలకు, గర్భిణులకు ఉద్దేశించినది. వేయించిన శనగపప్పు ఒక్కటే మెత్తగా పొడి చేసి జల్లించి పెట్టుకోండి. రెండు పెద్ద చెంచాలు మజ్జిగలో కలిపితే నాలుగు గ్రాములు. పరీక్షలకు విశాఖ పాసింజరు ఎక్కే రోజు సంచిలో ఉంచుకోవడానికి ఇంతకన్నా మంచిది లేదు.

తినే తీరు కూడా చూడండి. పళ్లెంలో ముందు ప్రొటీన్, తర్వాత కూర, ఆఖరున అన్నం. చిన్న చెంచా, నిదానంగా నమలడం, ఇరవై నిమిషాలకు తగ్గకుండా. తినేటప్పుడు నీళ్లు వద్దు, తిన్న అరగంట తర్వాతే. ఆ తర్వాత మాత్రం రోజు మొత్తం మీద లీటరున్నరకు తగ్గకుండా తాగాలి. ఆవిడ తింటున్నప్పుడు ఎదురుగా కూర్చుని గమనించండి. ఒక్క ఎక్కిళ్లు, తుమ్ము, ముక్కు కారడం, ఛాతీ మధ్యలో చేయి పెట్టుకోవడం, వీటిలో ఏది కనబడినా పొట్ట నిండిందని అర్థం. ఇంకొక్క చెంచా అని మీరు ప్రేమగా పెడితే అదే వాంతి. మిగిలింది గిన్నెలో మూత పెట్టి రెండు గంటల తర్వాత ఇవ్వండి. రోజుకు ఆరుసార్లు పెట్టడం కోడలికి ఎంత పనో నాకు తెలుసు. ఛెనా, పెరుగు, పొడి వండనవసరం లేనివి కాబట్టి వంట రెండుసార్లకే పరిమితం చేసుకోండి.

కార్తీకానికి వద్దాం. నీచు మానేస్తే చేప తాలూకు పది గ్రాములు పోతాయి. వాటి స్థానంలో ఛెనా రెండో పూట కూడా పెట్టండి. మీల్‌మేకర్ కూడా ఉంది, పొడి మీల్‌మేకర్‌లో సగానికి పైగా ప్రొటీనే. వేడినీటిలో నానబెట్టి, రెండుసార్లు పిండి, మిక్సీలో వేసి పప్పులో కలిపితే పీచు తెలియదు. పదిహేను గ్రాముల పొడి ముక్కలకు ఏడు గ్రాములు పైనే. సోమవారం నక్షత్రం కనబడే దాకా ఉపవాసం మాత్రం ఈ ఏడాదికి వద్దు. దీపాలు పెట్టుకోమనండి, నదీస్నానానికి వెళ్తే తోడు వెళ్లండి, కానీ పొట్ట మాడ్చకూడదు. రోగులకు ఉపవాసం నుంచి మినహాయింపు ఉందని మీ పురోహితులే చెబుతారు, ఆయన నోట చెప్పించండి. కోడలు చెబితే వినని అత్తగారు ఆయన మాట వింటారు. ఒడియా కార్తీకంలో చివరి అయిదు రోజులు మరింత నిష్ఠగా ఉండే పంచుక కదా, ఆ పాటింపు అయ్యాక, మళ్లీ నీచు మొదలుపెట్టే ఛాడఖాయి రోజున వాడకట్టంతా మాంసం ఘుమఘుమలాడుతుంది. ఇన్నాళ్ల విరామం తర్వాత ఒక్కసారిగా కారం మాంసం పెట్టకండి. ఆవిరి చేపతో మొదలుపెట్టండి.

జుట్టు గురించి బెంగ వద్దు. శస్త్రచికిత్స, వేగంగా బరువు దిగడం, ఈ రెండు ఒత్తిళ్లకు వెంట్రుకలు మూడో నెలలో రాలడం మొదలై కొన్ని నెలలు సాగుతుంది, తర్వాత మళ్లీ వస్తుంది. ప్రొటీన్, ఇనుము, జింకు తక్కువైతే రాలడం ముదురుతుంది, ఎక్కువకాలం సాగుతుంది. బయోటిన్ మాత్రలతో అది ఆగదు. పైగా పెద్ద మోతాదులో వాడితే థైరాయిడ్ పరీక్ష తప్పుగా చూపిస్తుంది. జుట్టు కన్నా నేను భయపడేది కాళ్ల వాపు, మెట్లెక్కలేకపోవడం, కూర్చున్నచోటు నుంచి లేవలేకపోవడం. తినేది చాలక శరీరం సొంత కండను కరిగించుకుంటున్నప్పుడు కనబడే గుర్తులవి. పాదం మీద వేలితో నొక్కితే గుంట నిలబడుతోందా, వారానికోసారి చూడండి. రోజూ కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోమనండి. కండకు పని చెప్పకపోతే ఎంత ప్రొటీన్ పెట్టినా నిలబడదు.

మూత్రపిండాల సంగతి. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలకు 60, 70 గ్రాములు అతి కాదు. శస్త్రచికిత్సకు ముందు మీ అత్తగారు రోజూ తిన్నదీ ఇంచుమించు అంతే అయి ఉంటుంది. కాకపోతే ఆవిడకు మధుమేహం ఉండి, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో ముందే ఎక్కువగా ఉంటే ఎంత ఇవ్వాలో మూత్రపిండాల డాక్టరుగారు నిర్ణయించాలి, ఎదురింటివారు కాదు. మధుమేహం మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ పాత మోతాదులోనే సాగుతుంటే అది ఇంకా తొందరగా చూపించాలి, తిండి ఇంతగా తగ్గాక చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

మూడో నెల పరీక్షలు ఎలాగూ దగ్గర పడ్డాయి. రక్తంలో ఆల్బుమిన్, క్రియాటినిన్, హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12, డి విటమిన్, క్యాల్షియం చేయించమని అడగండి. బరంపురంలోనూ ఇవన్నీ చేస్తారు, రక్తం కోసం విశాఖ వెళ్లనవసరం లేదు. రాసిచ్చిన ఇనుము, క్యాల్షియం మాత్రలు ఒకేసారి వేయకండి, మధ్యలో రెండు గంటల ఎడం ఉండాలి. ఇనుము మాత్రను పాలతో, ఛెనాతో కూడా కలపకండి. ఈలోగా ఒక వారంపాటు ఏ పూట ఏది ఎన్ని చెంచాలు దిగిందో క్యాలెండరు గడిలో రాసి, పరీక్ష కాగితాలతో పాటు డాక్టరుగారి ముందు పెట్టండి.